నోటికి రాని పేజీలు

చిట్టా 611. సోమవారం

తెల్లవారింది. గాలి తూర్పు నుంచి. నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి. దేవునికి స్తోత్రం.

పన్నెండు తెప్పలూ రాత్రికి జానెడు దిగాయి. రోజూ దిగేంతే. తెప్పల కింది డ్రమ్ముల్లో గాలి పొద్దుటికి తగ్గుతుంది, మోటారు వేసి మళ్ళీ నింపాలి. సర్వరు ముందు కూర్చుని ‘తూము’ అని కొట్టాను. ఎంటర్ నొక్కి కళ్ళు మూసుకున్నాను.

తూము మా నాన్న రాసిన ప్రోగ్రాం. తెప్పల లోతు ఒక్కొక్కటే చూసుకుని, ఏ డ్రమ్ముకి ఎంత గాలి కావాలో తేల్చుకుని, అప్పుడు మోటారు వేస్తుంది. అది చూసుకునేలోపు నేను ఇళ్ళ పేర్లతో ప్రార్థన చేస్తాను. పడమటి తెప్ప నుంచి మొదలు. మా ఇల్లు, జకరయ్య గారిల్లు, మరియన్న, తోమాసు, యోబు. యోబు దగ్గరికి వచ్చేసరికి మోటారు పట్టి తిరుగుతుంది. నాన్న పోయి ఈ పని నాకు వచ్చినప్పటి నుంచీ అంతే. మిగతా పేర్లు ఆ చప్పుడులోనే చెబుతాను. ఆఖరున రాహేలు. నీళ్ళకు ఆవల మట్లపేటలో కాపురముంటున్న మా చిన్నచెల్లెలు.

ఈ రోజు యోబు పేరు అయిపోయింది. దీనమ్మ పేరు కూడా చెప్పాక పట్టింది.

తొందరగా చెప్పానేమో.

తెప్పలు లేచాక తెల్లగుడ్డ ఎత్తాను. దక్షిణాన మట్లపేట వాళ్ళదీ లేచింది. మేం తేలుతున్నాం, మీరూ తేలుతున్నారా అని ఒకరినొకరు అడిగినట్టు.

మధ్యాహ్నం దీనమ్మ ఒక లాప్‌టాప్ పట్టుకొచ్చింది. గట్టు వాళ్ళు పారేసింది. సముద్రం పైకి వచ్చినప్పుడు మునగకుండా మిగిలిన ఎత్తు నేలని మేం గట్టు అంటాం. అక్కడి యంత్రాలన్నిటికీ లోపల తాళం ఉంటుంది, తాళానికి గడువు ఉంటుంది. నేను దాన్ని తుడిచేసి తాళం లేని లినక్స్ ఎక్కించాను. ఉత్తరాలు రాసుకోవడానికి లిబ్రే ఆఫీసు, పాటలకి వీఎల్‌సీ పెట్టాను.

"బాగానే నడుస్తోందే పెద్దక్కా. మరి ఎందుకు పారేశారు?"

"గడువు అయిపోయిందని."

"ఒంట్లో బాగానే ఉండగానే?"

"బాగానే ఉండగానే."

"మా ఆయన్నీ పనిలోంచి అలాగే పంపేశారు" అంది దీనమ్మ. "ఆయనకీ ఏదన్నా ఎక్కించు అక్కా, మళ్ళీ లేస్తాడేమో."

614. ఆదివారం

ఆరాధన అయ్యాక చదువు పెట్టాం.

తూముకి ఎవరు ఏ సవరణ పంపినా, ఎక్కించే ముందు ప్రార్థన తెప్ప మీద అందరి ముందూ పైకి చదవాలి. ఇంటికో పేజీ. చివర అందరూ ఆమేన్ అంటే ఎక్కిస్తాం. ఒక్క నోరు ఆగమన్నా ఆపుతాం. ‘చదవనిది నడపం’ అని నాన్న ఆ తెప్ప గోడ మీద రాయించాడు, ఆకులపేట మునిగిన ఏడు.

ఆకులపేట పంపులు గట్టు వాళ్ళు ఇచ్చినవి. తాళం వేసినవి. లోపల ఏముందో చూడకూడదు. ఒక ఉదయం అవి లేవలేదు. ఎందుకు లేవలేదో ఈనాటికీ ఎవరికీ తెలియదు. నాకు సంబంధం కుదిరిన ఇల్లు ఆ పేటలోనే. అతని పేరు సమూయేలు. ఆ పేరు నేను ప్రార్థనలో చెప్పను. మునిగినవాళ్ళకి గాలి అడగక్కర్లేదు.

ఈ వారం సవరణ జయపాల్ గారిది. ఎగువన ఏదో పేటలో ఉంటానని రాస్తారు. మనిషిని ఎవరూ చూడలేదు. అడగకుండానే సాయం చేస్తారు. ప్రోగ్రాం మధ్యలో ఆయన రాసే మాటలు వినడానికే కొందరు చదువుకి కూర్చుంటారు. ఈసారి ఒకచోట ‘డ్రమ్ము నిండాక మోటారుకి విశ్రాంతి ఇవ్వండి, అదీ అలిసిపోతుంది’ అని రాశారు. మరియన్న భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తోమాసుకి వచ్చిన పేజీ నిండా బ్రాకెట్లే.

"బ్రాకెట్టు తెరువు. ఇంకో బ్రాకెట్టు తెరువు. ఇంకోటి తెరువు…"

"తోమాసూ, తలుపులన్నీ తెరిచి పోతున్నావ్. కోళ్ళు బయటికి పోతాయి" అన్నాడు యోబు.

"మూస్తానయ్యా. తెరిచినవాడికి మూయడం రాదా?"

చివరి మూడు పేజీలు పోయిన ఆదివారం లాగే నోటికి రానివి. అక్షరాలు కావు, అంకెలు కావు. తెర మీద ఊక పోసినట్టు ఉన్నాయి. పరీక్ష కోసం పెట్టిన కొలతలని జయపాల్ గారు పైన ఒక ముక్క రాశారు. ఇలాంటివి వచ్చినప్పుడు మా సంఘపెద్ద జకరయ్య గారు లేచి, "కొలతలు, దాటేద్దాం" అంటారు. దాటేశాం. ఆమేన్ అన్నాం. నేనూ అన్నాను.

617. బుధవారం

మోటారు ఏస్తేరు పేరు దగ్గర పట్టింది.

తమ్ముడు దానేలు కంచం ముందు కూర్చుని నిద్రపోయాడు. నాన్న తర్వాత తూము బాధ్యత వాడిదే. ఈ చుట్టుపట్ల పేటలన్నీ తూమునే నడుపుతాయి. దానేలు సంతకం ఉంటేనే ఎక్కించుకుంటాయి. ఉచితంగా ఇచ్చింది కనుక థాంక్స్ చెప్పేవాళ్ళు తక్కువ, తిట్టేవాళ్ళు ఎక్కువ. లేపి అన్నం పెట్టాను.

"ఒకాయన రాశాడు అక్కా. తూము వేసిన రోజు నుంచి వాళ్ళ బాతు గుడ్లు పెట్టడం లేదట."

"ఏం రాశావు?"

"బాతుని పంపండి, చూస్తానన్నాను."

నవ్వాడు గాని కళ్ళు నవ్వలేదు. అన్నం కలుపుతూ చెప్పాడు. పోయిన నెల నుంచి జయపాల్ గారికి కూడా సంతకం హక్కు ఇచ్చాడట.

"నాతో అనలేదేం?"

"నువ్వు ప్రార్థన చేసి చెబుతానంటావు. నాకు అప్పటికి ఊపిరి ఆడటం లేదు అక్కా."

ఆయన చాలా చక్కబెట్టారన్నాడు. తూము పాత రూపాలన్నీ దాచుకునే గిట్‌లో ముప్ఫై ఏళ్ళవి పేరుకుపోయి డిస్కుల్లో చోటు లేకపోతే, అవన్నీ తీసేయించి బరువు తగ్గించారు. మోటారు నమ్మకంగా పనిచేస్తున్నప్పుడు చేతి పంపులు దండగ అని పేటలకి రాశారు. మట్లపేట వాళ్ళు వాళ్ళవి విప్పి ఇనుము వాడుకున్నారు.

"తీసేసినట్టు చదువులో రాలేదే" అన్నాను.

"చేర్చినవే చదువుతాం కదక్కా. తీసేసినవి ఏం చదువుతాం?"

మా చేతి పంపులకి సాయంత్రం నూనె పెట్టాను.

620. శనివారం

గిద్యోను పేరు దగ్గర.

621. సోమవారం

నిన్న గిద్యోను ఇల్లు దాటి ఇంకో ఇంటికి పోయింది. ఈ రోజు ఇంకో ఇల్లు. దానేలుకి చెప్పాను. నవ్వాడు.

"ప్రార్థనతో యంత్రాన్ని కొలుస్తావా అక్కా? వయసు మీద పడుతోంది, నెమ్మదిగా చెబుతున్నావేమో."

"నేను నెమ్మదైతే మోటారు ముందు పేర్ల దగ్గరే పట్టాలిరా. ఇది వెనక్కి పోతోంది."

నవ్వు ఆగింది.

తీగ మీద పోయే ప్రతి మాటనీ తెర మీద చూపించే పనిముట్టు ఒకటుంది. ఎవరో ఎక్కడో రాసి, కావలసినవాళ్ళు వాడుకోండని లోకానికి వదిలేసింది. దానేలు దాన్ని తెరిచి పెట్టి మోటారు ఆపాడు. నన్ను మళ్ళీ తూము కొట్టమన్నాడు. కొట్టాను. కళ్ళు మూసుకోలేదు. పెదవులతో పేర్లు చెప్పుకుంటూ తెర చూశాను.

ఒక వరస మా దగ్గర్నుంచి బయటికి పోయింది. తర్వాత ఏమీ లేదు. గిద్యోను పేరు చెప్పాను. ఇంకో రెండు పేర్లు చెప్పాను. బయటి నుంచి ఒక వరస లోపలికి వచ్చింది. వచ్చీ రాగానే మోటారు పట్టింది.

దానేలు చాలాసేపు ఆ రెండు వరసలే చూశాడు.

"అడుగుతోందక్కా."

"ఏమని?"

"మోటారు వెయ్యనా అని. అవతల సరే అన్నాకే వేస్తోంది."

"ఎవర్ని అడుగుతోంది?"

"గట్టు మీది టవరు దాకా కనిపిస్తోంది. ఆ పైన తెలీదు."

"సరే అనకపోతే?"

వాడు లేచి కిటికీలోంచి తెప్పల నీళ్ళ గీత చూసొచ్చాడు. 

"మరి రోజురోజుకీ ఆలస్యం దేనికి?"

"అడిగేవాళ్ళు పెరుగుతున్నట్టున్నారు. మన వంతు రావద్దూ? నా సంతకంతో ఇది ఎన్ని పేటలకి పోయిందో…" చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడు అలాగే కూర్చునేవాడు.

అడగడం ఆ నోటికి రాని మూడు పేజీల్లో ఉంది. వాటిని తీసేసి చూశాడు. తూము అసలు లేవలేదు. వెనక్కి పోదామంటే గిట్‌లో పాత రూపాలు లేవు. మళ్ళీ పెట్టేశాడు.

622. మంగళవారం

ఈ రోజు నుంచి చిట్టా కాగితం మీద. సర్వరులో రాసేది ఇంకెవరు చదువుతున్నారో తెలియదు.

ప్రార్థన తెప్ప మీద ఇంటికొకరిని కూర్చోబెట్టి దానేలు అంతా చెప్పాడు. జకరయ్య గారికి కోపం వచ్చింది. పెద్దాయన కోపం వస్తే గొంతు తగ్గిస్తారు.

"అందరం చదివాం. అందరం ఆమేన్ అన్నాం. ఇప్పుడు దొంగ అంటే ఆ మాట మన నోటి మీదికే వస్తుంది బాబూ."

"చదవని పేజీలు మూడున్నాయండి" అన్నాడు దానేలు.

"అవి కొలతలు."

"కొలతలని ఎవరన్నారు?"

"ఆయనే రాశాడుగా." అని జకరయ్య గారు ఆగిపోయారు.

నేను ఒక్క మాట అన్నాను. తీగ పీకి చూద్దాం అని.

పీకాం. తూము కొట్టాను. పన్నెండు పేర్లూ అయిపోయాయి, రాహేలు అయింది, మళ్ళీ మొదటికి వచ్చాను. మోటారు పట్టలేదు. యోబు తన తెప్ప అంచు మీద నిలబడి నీళ్ళ గీత చూస్తున్నాడు. మగవాళ్ళు చేతి పంపుల దగ్గరికి పోయారు. నాలుగు తెప్పలకి కొట్టేసరికి అందరూ పంపు పిడులు వదిలేశారు. పన్నెండింటికీ రోజూ కొట్టే బలం మాకు లేదు. తీగ మళ్ళీ పెట్టాం. ఈసారి ప్రార్థన తెప్ప దగ్గర పట్టింది.

మధ్యాహ్నానికి జయపాల్ గారి దగ్గర్నుంచి మెయిలు. ‘ఉదయం మీ పేట కాసేపు కనబడలేదు. తీగ ఏమైనా తెగిందా? తుఫాను రోజులు, జాగ్రత్త.’

జకరయ్య గారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"ఎంత ఆపేక్ష" అన్నాడు తోమాసు, అలవాటు మీద.

"మనం కనబడటానికి," అన్నారు జకరయ్య గారు, "ఈయన ఎక్కణ్ణుంచి చూస్తున్నాడమ్మా?"

623. గురువారం

రాహేలు పడవ మీద వచ్చింది. బట్టలో చుట్టి తన సారె డిస్కు తెచ్చింది.

మా పేటల్లో ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు సారెలో తూము కాపీ ఒకటి పెడతాం. చీర, చాప, డిస్కు. ఏ యంత్రం చెడినా ఆడపిల్ల ఇంట్లో ఒక మంచి కాపీ ఉంటుందని. రాహేలు పెళ్ళి జయపాల్ గారి కంటే ముందు. అందుకే కబురు పెట్టాను.

దానేలు డిస్కు పెట్టి చూశాడు. తేదీ పోయిన ఆదివారానిది.

"ఇదేంటే?"

"ప్రతి ఆదివారం సింక్ చేస్తున్నా అన్నయ్యా. కాపీ పాతబడనివ్వకూడదని నువ్వేగా చెప్పి పంపావు."

"ఒక్క వారమన్నా మర్చిపోలేదా?"

"పెద్దక్క పెంపకం. మర్చిపోతే బతకనిస్తుందా?"

మామూలు రోజైతే నవ్వేదాన్ని. ఏస్తేరు కోడలి డిస్కు చూశాం, తోమాసు కూతురిది చూశాం. అందరూ బుద్ధిమంతులే. అన్నీ పోయిన ఆదివారానివే. ఎక్కడ చూసినా ఆ మూడు పేజీలు.

రాహేలు తెర ముందు నుంచి నా వైపు తిరిగింది.

"అక్కా. నీది?"

నా సంగతి ఎవరూ అడగరు. అందుకని నేనూ గుర్తు చేసుకోను.

పెట్టె అడుగున ఉంది. మైనపు గుడ్డలో. సారెలో డిస్కు పెట్టడం నాతోనే మొదలు. ఆకులపేటకి గట్టు తాళం వదిలించాలని నాన్న నా సారెలో తూము పెట్టాడు. పెళ్ళి పంట అయ్యాక అనుకున్నారు. అప్పటి డిస్కులు గాజువి. ఒకసారి రాస్తే చెరగవు, మళ్ళీ రాయడానికీ పడదు.

దానేలు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. పాత డ్రైవు వెతకడానికి ఊరంతా తిరిగారు. దీనమ్మ లాప్‌టాప్‌కి ఉంది.

గాజు డిస్కు తిరిగింది. నాన్న అక్షరాలు వచ్చాయి. నోటికి రాని పేజీ ఒక్కటీ లేదు.

కానీ అందులో ఉన్నవి ఏడు తెప్పలే. గిద్యోను ఇంటి నుంచి ప్రార్థన తెప్ప దాకా అయిదూ నాన్న పోయాక కట్టినవి. వాటి సంగతి ఆ ప్రోగ్రాంకి తెలియదు.

624. శుక్రవారం

దానేలు వెంటనే ఎక్కిద్దామన్నాడు. జకరయ్య గారు గోడ వైపు చూపించారు.

"చదవనిది నడపం."

"ఇది మా నాన్న రాసిందండీ."

"జయపాల్ కూడా మన మనిషే అనుకున్నాం బాబూ."

దానేలు నా వైపు చూశాడు. పెద్దాయన మాట నిజం.

"చదువుదాం" అన్నాను. "ఒక్క పేజీ వదలకుండా. ఆదివారం దాకా ఆగొద్దు."

తెల్లారాక మొదలుపెట్టాం. చదివేవాళ్ళు చదివారు, మిగతావాళ్ళు చేతి పంపుల దగ్గర. తూము రోజూ అడుగుతూనే ఉంది, అవతల సరే అంటూనే ఉన్నారు. కాని ఇప్పుడు ఆ జవాబు నా పేర్లన్నీ అయిపోయాక గాని రావడం లేదు. ఈ లోపల తెప్పలు దిగుతున్నాయి. యోబు వాకిట్లోకి నీళ్ళు వచ్చాయి. యోబు భార్య పొయ్యిని మంచం మీదికి ఎక్కించి వండుతోంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. తోమాసు ఒక్క బ్రాకెట్టు కూడా తెరిచి వదల్లేదు.

625. సోమవారం

ఆదివారం కూడా చదువుతోనే గడిచింది. ఈ రోజు దీనమ్మ వంతు. అద్దాలు ముక్కు చివర పెట్టుకుని వేలు పెట్టి చదువుతోంది. ఏడో తెప్ప వరస అయిపోయింది. కింద నాన్న మాట ఒకటి.

"ఆకులపేట తెప్పలు ఈ కింద చేర్చుకోవాలి. ఎలా చేర్చాలో… పెద్దమ్మాయికి… నేర్పాను."

దీనమ్మ ఆగింది. చదువుకునే గొంతు కాదు తర్వాతిది.

"పెద్దక్కా, నీకు నేర్పాడా?"

నేర్పాడు. రెండు వానాకాలాలు. పెళ్ళయ్యాక ఆ పేటలో ఈ పని నాదే కావాలి కదా. తర్వాత ఎవరికీ అవసరం పడలేదు. తమ్ముడు పెద్దవాడయ్యాడు.

సర్వరు ముందు కూర్చున్నాను. తెప్పకి ఆరు వరసలు. డ్రమ్ములు ఎన్ని, లోతు ఎంత, గొట్టం ఎటు. గిద్యోను తెప్ప రాశాను. రాసింది రాసినట్టు దీనమ్మ పైకి చదివింది. తర్వాతది రాశాను. ఒకచోట చుక్క వదిలేస్తే దానేలు వేలు చూపించాడు. చీకటి పడకముందే అయిదూ అయ్యాయి.

జకరయ్య గారు లేచి అడిగారు. "దాటేసింది ఏమైనా ఉందా?"

"లేదు" అన్నారు అందరూ.

ఆమేన్.

626. బుధవారం

మట్లపేటకి ముందే ఇవ్వాలనుకున్నాం. వాళ్ళ తెప్పల వరసలు రాసి, గాజు డిస్కులోది కాపీ చేసి, నిన్న రాహేలు తిరిగి వెళ్ళేటప్పుడు చేతికి ఇచ్చాను.

"ఈ పూటే ఎక్కించండి" అన్నాను.

"మా వాళ్ళ సంగతి తెలియదా అక్కా? మా చదువు ఆదివారమే. వారం మధ్యలో చదివితే చెల్లదంటారు. మీ జకరయ్య గారికి తాతలున్నారు మా పేటలో."

"ప్రాణం మీదికి వచ్చిందని చెప్పు."

"చెబుతాను." పడవ తోస్తూ నవ్వింది. "వినకపోతే తిండి మానేస్తాను. నేను తినకపోతే మా అత్తగారు భయపడుతుంది, ఏదో కొత్త కోరిక కోరతానని."

ఆదివారం దాకా మేం ఆగలేకపోయాం. ఈ ఉదయం యోబు తెప్ప ఒక మూల మునిగింది. జయపాల్ సవరించిన కొత్తది పీకి గాజు డిస్కులోది ఎక్కించాం. బయటి తీగ ఆ యంత్రానికి తగలకుండా తీసేశాం.

తూము కొట్టాను. మా ఇల్లు. జకరయ్య గారిల్లు. మరియన్న. తోమాసు. యోబు.

పట్టింది.

ఎవరూ కేక వేయలేదు. యోబు నీళ్ళలో నిలబడే రెండు చేతులూ ఎత్తాడు. తెప్ప మూల నెమ్మదిగా పైకి వచ్చింది, అల్లిన చాప నీళ్ళు వదిలినట్టు.

స్తోత్రం.

627. శుక్రవారం

నిన్న ఉదయం మా గుడ్డ లేచింది. వాళ్ళ గుడ్డ ఆలస్యంగా లేచింది. పొగమంచు అనుకున్నాను.

ఈ రోజు మంచు లేదు. దక్షిణాన కర్ర కనిపిస్తోంది. కర్ర మీద ఏమీ లేదు.

మెయిళ్ళ కోసం వేరే యంత్రానికి తీగ ఉంచాం. దానేలు పిలిచాడు. మెయిలు వాడి పేరు మీద రాలేదు. నా పేరు మీద వచ్చింది.

‘పెద్దక్క గారికి వందనాలు. రెండు రోజులుగా మీ యంత్రం నన్ను అడగడం లేదు. క్షేమమేనా? ఈ ఉదయం మట్లపేట యంత్రం అడిగింది. ఇంకా జవాబివ్వలేదు. ముందు మీ కబురు తెలుసుకుందామని ఆగాను. జయపాల్.’

 అతను ఇన్నాళ్ళలో మా నుంచి ఏదీ కావాలని అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

మట్లపేటలో చేతి పంపులు లేవు. మా కంటే రెట్టింపు తెప్పలు. రాహేలు తెప్ప అంచుది, ముందు దిగేది.

"పడవ వేసుకుని పోతాను" అన్నాడు దానేలు.

"నువ్వు చేరేసరికి?"

నీళ్ళ వైపు చూశాడు. ఎదురుగాలి.

"మన యంత్రం మళ్ళీ అతన్ని అడిగేట్టు చెయ్యి" అన్నాను.

"అక్కా."

"కొత్తది ఎక్కించు. తీగ పెట్టు."

"మళ్ళీ అదా? చదవకుండానా?"

"అది మనం చదివిందే కదరా."

వాడి చేతులు కీబోర్డు మీద కాసేపు కదలలేదు. తర్వాత కదిలాయి. ఎక్కించి లేచాడు. గాజు డిస్కు నా ఒడిలో పెట్టి, దాన్నుంచి చేసి ఉంచిన కాపీలన్నీ సంచిలో వేసుకున్నాడు. మట్లపేటలో రాహేలు దగ్గర ఒకటి ఉంది, మిగతా పేటలకి తలా ఒకటి. మెయిల్లో చెబితే అతను వింటాడు. మనిషి చేత్తో ఇవ్వాలి. ఒక పేట ముందు మారితే ఇంకో పేట గొంతు మీద చెయ్యి పడుతుంది, అందుకని అన్నీ ఒకే ఉదయం మారాలి. అది ఈ రోజు నేర్చుకున్నాం.

"ఏ ఉదయం?" అన్నాడు పడవలోంచి.

"అందరూ చదివాక."

"మట్లపేట వాళ్ళు ఆదివారమే అంటారు."

"నేను చెప్పానని చెప్పు. దేవుడు ఏ రోజైనా వింటాడని చెప్పు."

పోయాడు. నేను మెయిలు రాశాను. ‘క్షేమమే. తుఫానుకి తీగ తెగింది. ఇప్పుడు పెట్టాం. వందనాలు.’ ఇంతవరకు నా చేత్తో అబద్ధం రాయలేదు. దేవుడు చూశాడు. చూడనీ.

అడగడానికి ఒక్కసారి మోటారు ఆపాలి. ఆపాను. సర్వరు ముందుకు వచ్చి తూము కొట్టాను. ఎంటర్ నొక్కాను. కళ్ళు మూసుకోలేదు. కిటికీలోంచి దక్షిణం కనిపిస్తుంది.

మా ఇల్లు. జకరయ్య గారిల్లు. మరియన్న. తోమాసు. యోబు. మోటారు లేదు. దీనమ్మ, ఏస్తేరు, గిద్యోను. అక్కణ్ణుంచి ప్రార్థన తెప్ప దాకా. ఎక్కడా లేదు. రాహేలు పేరు చెప్పాను. మళ్ళీ చెప్పాను. మట్లపేటలో నాకు తెలిసిన పేర్లన్నీ చెప్పాను, రాహేలు అత్తగారితో సహా. కాళ్ళ కింద తెప్ప మెల్లగా దిగడం తెలుస్తోంది. వెనక యోబు ఇంట్లో ఎవరో పొయ్యి ఎత్తుతున్న చప్పుడు.

పేర్లు అయిపోయాయి. ముప్ఫై ఏళ్ళుగా చెప్పనిది ఒక్కటే మిగిలింది.

సమూయేలు.

మోటారు పట్టింది.

దక్షిణాన చాలాసేపు కర్రే కనిపించింది. తర్వాత తెల్లగుడ్డ లేచింది. ఈ పూటకి.